సింగపూర్ పూడ్చకుండా వదిలేసిన తీరం: చెక్ జావా కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. కొన్నేళ్ల కింద ఒక ఆఫీసులో, టేబుల్‌కి అవతల కూర్చున్న పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న ఇది: "బాబూ, అసలు అక్కడ ఏముందని?"

అక్కడ అంటే మా ఊరి చివర కుంట. వానాకాలం నిండుతుంది, ఎండాకాలం ఎండిపోతుంది. ఒక వేసవిలో ఆ ఎండిన కుంటలో తెల్లరాళ్లు పాతారు. తర్వాత ఎర్రమట్టి టిప్పర్లు తిరిగాయి. ఆ తర్వాత కమాన్ లేచింది, వెంచర్ పేరుతో ఫ్లెక్సీ కట్టారు. అప్పుడు మేం నలుగురం ఫ్రెండ్స్ కలిసి అర్జీ పట్టుకుని వెళ్లాం. ఆ పెద్దాయన మమ్మల్ని కసురుకోలేదు. కూర్చోమన్నాడు, టీ కూడా ఇప్పించాడు. అడిగింది ఒక్కటే: అక్కడ ఏముంది?

"నీళ్లుంటాయి సార్, పక్షులొస్తాయి" అన్నాను.

"ఏ పక్షులు? ఎన్ని? ఏ నెలలో వస్తాయి? రాసి పెట్టారా?"

నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లు ఆ గట్టు మీదే తిరిగాను. బీటెక్ చదివాను, డేటాబేస్‌ల మీద పనిచేసి జీతం తీసుకుంటున్నాను. కానీ మా కుంట గురించి నా దగ్గర ఒక్క లైను డేటా లేదు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనుషుల కథే ఈ ఎపిసోడ్. వాళ్లు సింగపూర్ వాళ్లు. అవును, సింగపూరే. మనవైపు ఏ నాయకుడు మాట్లాడినా సింగపూర్ లాంటి ఊరు కడతామంటాడు. 2015లో అమరావతికి మాస్టర్ ప్లాన్ గీసిచ్చింది కూడా సింగపూర్ సంస్థలే. అంటే మన దృష్టిలో సింగపూర్ అంటే కట్టడం. ఈ కథ మాత్రం సింగపూర్ కట్టకుండా ఆగిపోయిన ఒక చోటు గురించి. ఆ చోటు పేరు చెక్ జావా.

పులావ్ అంటే తినేది కాదు

కంపెనీ పని మీద నేను కొన్ని నెలలు సింగపూర్‌లో ఉన్నాను. ఒక శనివారం ఆఫీసులో పక్క సీటతను "పులావ్ ఉబిన్ వెళ్దామా" అన్నాడు. నేను హోటల్ అనుకున్నాను. నవ్వకండి, మీరైనా అలాగే అనుకునేవాళ్లు. మలయ్ భాషలో పులావ్ అంటే దీవి. ఉబిన్ అంటే నల్లరాయి, గ్రానైట్. రాతి దీవి అన్నమాట.

సింగపూర్ ప్రధాన భూభాగానికి ఈశాన్యంగా, మలేషియాలోని జొహోర్‌కీ సింగపూర్‌కీ మధ్య ఉన్న సన్నటి జలసంధిలో ఉంటుంది ఈ దీవి. విస్తీర్ణం సుమారు 10 చదరపు కిలోమీటర్లు. చాంగీ పాయింట్ దగ్గర చిన్న మోటారు పడవ ఎక్కాలి. దానికి టైమ్‌టేబుల్ లేదు. పన్నెండు మంది పోగయ్యాక కదులుతుంది, మన ఊళ్లో షేర్ ఆటో లాగ. పది నిమిషాల ప్రయాణం. దిగితే సింగపూర్ మాయమైపోతుంది. రేకుల కప్పు ఇళ్లు, సైకిళ్లు, అడవిపందులు, కొబ్బరిచెట్లు.

ఒకప్పుడు ఇక్కడ జనం బాగానే ఉండేవాళ్లు, రాతి క్వారీల్లో పని ఉండేది కాబట్టి. 1851లో వెలిగిన హార్స్‌బర్గ్ దీపస్తంభానికి వాడిన రాయి ఈ దీవిదే. క్వారీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, జనం పట్నానికి వెళ్లిపోయారు. 1990ల చివరికి ఉబిన్ అంటే ప్లాన్లు వేసేవాళ్లకి దాదాపు ఖాళీ దీవి. సింగపూర్‌లో ఖాళీ అన్న మాట చాలా ప్రమాదం. ఎందుకో చెప్తాను.

సముద్రాన్ని పూడ్చి పెరిగిన దేశం

1965లో స్వతంత్ర దేశం అయినప్పుడు సింగపూర్ విస్తీర్ణం సుమారు 580 చదరపు కిలోమీటర్లు. ఇప్పుడు 730 దాటింది. పక్క దేశం నుంచి ఒక్క గజం కూడా ఆక్రమించలేదు, సముద్రంలో ఇసుక పోసి పెంచుకుంది. మన వాళ్లు సెల్ఫీ దిగే మెరీనా బే పూడ్చిన నేలే. మనం దిగే చాంగీ ఎయిర్‌పోర్టులో కూడా చాలా భాగం ఒకప్పటి సముద్రమే.

పద్ధతి వినడానికి సింపుల్‌గా ఉంటుంది. తీరానికి అవతల సముద్రంలో గట్టు కడతారు, లోపల ఇసుక నింపుతారు, ఆ ఇసుక కుంగి గట్టిపడే దాకా కొన్నేళ్లు వదిలేస్తారు. తర్వాత రోడ్లు, బిల్డింగులు. ఇసుక పడ్డ చోట అంతకు ముందు ఏం బతికినా దాని కథ ముగిసినట్టే.

ఒక్క విషయం న్యాయంగా చెప్పాలి. ఇది అత్యాశ కథ కాదు. చిన్న దేశం, లక్షల మందికి ఇళ్లు కావాలి, ఓడరేవు కావాలి, ఎయిర్‌పోర్టు కావాలి. నేల లేదు. అందుకే నేల తయారు చేసుకున్నారు. అక్కడి ప్రభుత్వాన్ని విలన్ చేసేస్తే ఈ కథ మనకి అర్థం కాదు. నిజంగా అవసరం ఉన్నవాడి ముందు నిలబడి "ఇక్కడ వద్దు" అని ఒప్పించడం ఎలా అన్నదే అసలు ప్రశ్న.

ఆ పూడ్చే ప్లాన్‌లో ఉబిన్ దీవి తూర్పు కొస కూడా ఉంది. దాదాపు 100 హెక్టార్లు, అంటే మన లెక్కలో 250 ఎకరాలకి కాస్త తక్కువ. అదే చెక్ జావా. ప్లాన్‌లో ఏళ్ల తరబడి ఉన్నా ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. అక్కడ ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి.

పోటు వేళ ఏమీ కనపడదు

ఎందుకు తెలియలేదో నాకు అక్కడికి వెళ్లాకే అర్థమైంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు చెక్ జావాకి వెళ్తే మామూలు తీరం. గోధుమరంగు నీళ్లు, కొన్ని మడచెట్లు, అంతే. ఫోటో తీసుకుని వచ్చేస్తారు.

సముద్రం బాగా ఆటు మీద ఉన్నప్పుడు వెళ్లాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టుపక్కల నీళ్లు ఇంకా దూరం వెనక్కి వెళ్తాయి. అప్పుడు కింద ఉన్న నేల బయటపడుతుంది. ఒక పక్క ఇసుక తిన్నె. దాని వెనక సముద్రపు గడ్డి మైదానం. ఇంకో పక్క విరిగిన పగడపు ముక్కల దిబ్బ, రాతి తీరం, మడ అడవి, దాని పైన తీరపు అడవి. ఇలా ఆరు రకాల నివాసాలు ఒకే చోట, నడిచి చూడగలిగినంత దూరంలో ఉన్నాయి.

వాటిలో ఎవరున్నారు? అరచేతి కన్నా పెద్ద నక్షత్ర చేపలు, వీపు మీద బుడిపెలతో. తివాచీ పరిచినట్టుండే సీ ఎనిమోన్లు. సముద్ర గుర్రాలు, ఆక్టోపస్‌లు, సముద్ర దోసకాయలు. డైనోసార్ల కంటే ముందు నుంచి ఉన్న జాతికి చెందిన గుర్రపు డెక్క పీతలు. బురదలో మొప్పల రెక్కల మీద నడిచే చేపలు. ఈ ఆఖరుదాన్ని నేను కళ్లారా చూశాను. గుడ్లు బయటికి పెట్టి నన్ను ఎగాదిగా చూసి పక్కకి తప్పుకుంది.

నీళ్లు కొన్ని గంటల్లో మళ్లీ వచ్చేస్తాయి. మళ్లీ మామూలు తీరం.

ఇక్కడే నాకు మా కుంట గుర్తొచ్చింది. చెక్ జావా పోటులో ఖాళీగా కనపడుతుంది. మా కుంట ఎండాకాలంలో ఖాళీగా కనపడుతుంది. రాళ్లు పాతేవాడు కూడా సరిగ్గా ఎండాకాలంలోనే వస్తాడు.

2000 డిసెంబర్

జోసెఫ్ లాయ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 2000 డిసెంబర్‌లో కొంతమంది విద్యార్థులని తీసుకుని చెక్ జావా చూపించడానికి వెళ్లాడు. ఆటు వేళ. అక్కడ కనపడింది చూసి ఆశ్చర్యపోయాడు. సింగపూర్ ప్రధాన తీరంలో ఎప్పుడో పోయాయనుకున్న జీవాలు, అదీ ఇంత దట్టంగా, ఒకే చోట. తర్వాత ఇది కొన్నాళ్లలో ఇసుక కింద పోతుందన్న సంగతి. ఉన్న టైము ఏడాది.

ఆయన ఏం చేశాడు? తెలిసినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. నేచర్ సొసైటీ వాళ్లకి, యూనివర్సిటీ మ్యూజియం వాళ్లకి, ప్రభుత్వానికి. అది 2001 అని గుర్తుపెట్టుకోండి. ఫేస్‌బుక్ లేదు, యూట్యూబ్ లేదు, వాట్సాప్ లేదు. ఫోన్‌లో కెమెరా కూడా లేదు. ఉన్నవల్లా ఈమెయిల్, ఒకటి రెండు సొంత వెబ్‌సైట్లు, ఫిల్మ్ కెమెరాలు, పేపర్‌కి రాసే ఉత్తరాలు.

ఇంకో పరిమితి కూడా ఉంది. సింగపూర్‌లో మనలాగ రోడ్డెక్కడం కుదరదు. అనుమతి లేకుండా ఊరేగింపు, ధర్నా చేస్తే కేసే. పైగా నేల చాలావరకు ప్రభుత్వానిదే, కాబట్టి "మా భూమి" అని కోర్టుకెళ్లే యజమానులూ లేరు. రాస్తారోకో లేదు, నిరాహార దీక్ష లేదు, స్టే ఆర్డర్ లేదు. మరి జనాన్ని ఎలా కూడగట్టాలి?

సంతకాలు ఒక్కటే సరిపోలేదు

దీనికి ముందు అక్కడ జరిగిన మూడు విషయాలు తెలిస్తే 2001లో వాళ్లు ఆ దారి ఎందుకు పట్టారో తెలుస్తుంది.

మొదటిది సుంగేయ్ బూలో. ఇది ఉత్తర తీరంలో మడ అడవి. 1986లో పక్షులు చూసేవాళ్లు కొందరు అక్కడికి వచ్చే వలస పక్షులని లెక్కపెట్టి, దీన్ని పార్కుగా ఉంచండి, ఇలా ఉంచవచ్చు అని ప్రతిపాదన రాసి ఇచ్చారు. 1989లో ప్రభుత్వం ఒప్పుకుంది, 1993లో పార్కు తెరిచారు.

రెండోది 1990ల మొదట్లో, లోయర్ పియర్స్ రిజర్వాయర్ పక్కన అడవిలో గోల్ఫ్ కోర్సు. నేచర్ సొసైటీ వేల సంతకాలు సేకరించింది. దాంతోపాటు ఆ అడవి మీద పర్యావరణ ప్రభావ అధ్యయనం తనే స్వయంగా చేసి ముందు పెట్టింది. గోల్ఫ్ కోర్సు ఆగింది.

మూడోది సెనోకో. 1994లో పక్షులున్న చోట ఇళ్లు కట్టే ప్లాన్. ఇక్కడ కూడా వేల సంతకాలు పోగయ్యాయి. కానీ ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఇళ్ల అవసరమే గెలిచింది.

ఈ మూడు కథలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. సంతకం ఎంతమందికి బాధ ఉందో చెప్తుంది. అక్కడ ఏముందో చెప్పదు. లెక్క ఉన్నా గెలుస్తామని గ్యారంటీ లేదు. కానీ లెక్క లేకపోతే మాట్లాడటానికి కూర్చునే కుర్చీ కూడా ఉండదు. నాకు తెలుసు, నేను ఆ కుర్చీలో కూర్చుని టీ తాగి తిరిగొచ్చినవాడిని.

లెక్క, నడక, ఫోటో

2001లో చెక్ జావా కోసం జరిగిన పని మూడు రకాలు.

ఒకటి లెక్క. రాఫెల్స్ మ్యూజియం అని అక్కడ యూనివర్సిటీకి చెందిన జీవవైవిధ్య మ్యూజియం ఉండేది. ఎన్. శివశోతి లాంటివాళ్ల ఆధ్వర్యంలో ఆ మ్యూజియం వాలంటీర్లు దిగారు. వీళ్లలో చాలామంది సైంటిస్టులు కాదు. విద్యార్థులు, టీచర్లు, ఆఫీసు ఉద్యోగులు. తీరం మీద తాడు పరుస్తారు, తాడు వెంట నిర్ణీత దూరాల్లో ఆగి, ఆ గడిలో ఏముందో చూసి రాసుకుంటారు. మళ్లీ పది అడుగులు, మళ్లీ రాసుకోవడం. ఆటు ఎప్పుడుంటే అప్పుడే వెళ్లాలి, తెల్లారకముందు అయినా సరే, చీకటి పడ్డాక అయినా సరే. నీళ్లు తిరిగొచ్చేలోపు ముగించాలి. ఇందులో గొప్ప విషయం ఏమిటంటే, వీళ్లకి ఆగుతుందన్న నమ్మకం పెద్దగా లేదు. పోయేలోపు కనీసం ఏం పోతోందో రాసి పెట్టుకుందాం అని వెళ్లారు. పోస్ట్‌మార్టం రిపోర్టు లాంటిది ముందే రాశారు. చివరికి అదే ప్రాణం పోసిన రిపోర్టు అయింది.

రెండోది నడక. వాలంటీర్లు జనాన్ని తీసుకెళ్లి చూపించడం మొదలుపెట్టారు. ఆఖరి నెలల్లో పేపర్లలో వార్తలు రావడంతో ఎప్పుడూ ఉబిన్ మొహం చూడనివాళ్లు కూడా పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. ఇంత జనం తొక్కితే ఆ తీరానికే దెబ్బ అన్న భయం కూడా ఉంది. అందుకే ఎక్కడ అడుగు పెట్టాలి, దేన్ని ముట్టుకోకూడదు అని దగ్గరుండి చెప్పేవాళ్లు. ఒకసారి చూసినవాడికి చెక్ జావా మ్యాప్ మీద చుక్కలా ఉండదు, "మా పాప నక్షత్ర చేపని చూసిన చోటు" అవుతుంది. అలాంటివాళ్లు ఇంటికెళ్లి పేపర్‌కి ఉత్తరం రాశారు.

మూడోది ఫోటో. చువా ఈ కియమ్ అనే ఆయన వృత్తికి దంతవైద్యుడు. వీలైనప్పుడల్లా కెమెరా పట్టుకుని చెక్ జావా వెళ్లేవాడు. ఆయన తీసిన బొమ్మలు ఆ తీరాన్ని చూడలేనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లాయి. 2002లో పుస్తకంగా కూడా వచ్చాయి.

వృక్షశాస్త్రజ్ఞుడు, పళ్ల డాక్టరు, మ్యూజియం ఉద్యోగి, కాలేజీ పిల్లలు. కమ్యూనిటీ అంటే ఇదే. ఉబిన్‌లో పుట్టినవాళ్లు కూడా కాదు వీళ్లలో చాలామంది.

ఆగింది

2001 డిసెంబర్ 20న ప్రభుత్వం పూడ్చే పని వాయిదా వేస్తున్నట్టు చెప్పింది. 2002 జనవరి 14న జాతీయాభివృద్ధి శాఖ వివరాలు ప్రకటించింది. ఉబిన్ దీవి అభివృద్ధికి అవసరం కానంత కాలం చెక్ జావాని పూడ్చరు. అప్పటి మంత్రి మా బౌ టాన్. నిపుణుల నివేదికలు, జనం అభిప్రాయాలు చూశాకే ఆ నిర్ణయం.

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. "యువత గెలిచింది, ప్రభుత్వం తలవంచింది" అని థంబ్‌నెయిల్ పెడితే వ్యూస్ వస్తాయి. కానీ అది పూర్తి నిజం కాదు. 2001లో సింగపూర్ ఆర్థికంగా మాంద్యంలో ఉంది. అలాంటి సమయంలో ఒక ఖర్చు వాయిదా వేయడం ప్రభుత్వానికి మామూలు కన్నా సులువే. కాబట్టి వాలంటీర్ల లెక్క ఒక్కటే ఆపింది అని నేను అనను. ఆపాలనుకున్నప్పుడు ఏది ఆపాలో, ఎందుకు ఆపాలో చూపించే కాగితం ఆ లెక్కే. కాగితం లేకపోతే అవకాశం వచ్చినా చెక్ జావా పేరు ఎవరి నోటా వచ్చేది కాదు.

ఇంకో మాట. ఆ ప్రకటన మళ్లీ చదవండి. "అవసరం కానంత కాలం." శాశ్వతంగా అనలేదు, వాయిదా అన్నారు. మన భాషలో చెప్పాలంటే కేసు కొట్టేయలేదు, తేదీ మార్చారు.

పక్కనే ఉన్న పులావ్ తెకోంగ్ దీవి దగ్గర పూడ్చే పని జరిగింది. దాని మీద మలేషియా అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానానికి వెళ్లింది, 2003లో ఆ కోర్టు రెండు దేశాలనీ కలిసి నిపుణులతో చూడమంది. ఒక దీవి కొస మిగిలింది, పక్క దీవి పెరిగింది. ఒకే నీళ్లు, ఒకే దేశం.

గెలిచాక కూడా లెక్కపెట్టారు

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఆ తర్వాతది.

2006 చివర, 2007 మొదట్లో జొహోర్‌లో భారీ వర్షాలు, వరదలు. జొహోర్ నది మంచినీళ్లు పెద్ద ఎత్తున జలసంధిలోకి వచ్చాయి, సముద్రంలో ఉప్పదనం పడిపోయింది. చెక్ జావాలో నక్షత్ర చేపలు, ఎనిమోన్లు, స్పంజికలు కుప్పలుగా చచ్చిపోయాయి. బుల్‌డోజర్ నుంచి కాపాడిన చోటుని వర్షం కొట్టింది.

అప్పుడు వాలంటీర్లు మళ్లీ తాళ్లు పట్టుకుని వెళ్లారు. ఏం చచ్చింది, ఎంత చచ్చింది, ఏది తిరిగొస్తోంది అని నెలల తరబడి రాసుకున్నారు. చాలా జీవాలు మెల్లగా తిరిగొచ్చాయి. ఇది చెప్పగలుగుతున్నాం అంటే కారణం 2001 లెక్క ఉండటం. ముందు ఎంత ఉందో తెలియకపోతే పోయిందెంతో, తిరిగొచ్చిందెంతో ఎవరు చెప్పగలరు?

అదే 2007 జూలైలో అక్కడ కాలిబాట వంతెన తెరిచారు. కిలోమీటరు పైచిలుకు పొడవు, కొంత సముద్రం మీదుగా, కొంత మడ అడవిలోంచి. చెట్ల తలల ఎత్తులో చూడటానికి జెజావి టవర్. 1930లలో కట్టిన ఇంగ్లీషువాళ్ల ఇల్లు ఒకటి బాగుచేసి సందర్శకుల కేంద్రం చేశారు. ఆ ఇంట్లో చలిమంట వేసుకునే పొయ్యి కూడా ఉంది. సింగపూర్ ఉక్కపోతలో చలిమంట! ఇంగ్లీషువాళ్లకి ఊరు మీద బెంగ ఎంతుందో అనుకున్నాను.

ఆ వంతెన మీద నిలబడి పక్క సీటతన్ని అడిగాను, "ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటుందా?" అని. అతను భుజాలెగరేశాడు. "ఇప్పటికి ఉంది కదా, వచ్చి చూస్తూ ఉండాలి" అన్నాడు.

నల్ వేరు, జీరో వేరు

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ మాట వెంటనే తగులుతుంది. డేటాబేస్‌లో ఒక గడి ఖాళీగా ఉంటే అది నల్. అంటే మనకి తెలియదు అని అర్థం. జీరో అంటే లెక్కపెట్టాం, ఏమీ లేదు అని అర్థం. రెండూ ఒకటే అనుకుని కోడ్ రాస్తే సిస్టమ్ పడిపోతుంది. ఫ్రెషర్‌గా చేరిన మొదటి నెలలోనే దీనికి నేను తిట్లు తిన్నాను.

భూమి విషయంలో మనం రోజూ చేసే తప్పు అదే. మ్యాప్‌లో ఏమీ రాసి లేదు కాబట్టి అక్కడ ఏమీ లేదు అనుకుంటాం. నల్‌ని జీరో చేసేస్తాం. "ఖాళీ జాగా", "పనికిరాని భూమి", "బంజరు" అంటాం. కుంట, గుట్ట, మడ అడవి, నదిలో లంక, అన్నీ ఈ పేర్లలోకే వెళ్తాయి. ప్లాట్లు వేసేవాడికి కావలసింది కూడా ఆ ఒక్క మాటే.

మా కుంట ఇప్పుడు లేదు. వెంచర్ వచ్చేసింది, కొన్ని ఇళ్లు కూడా లేచాయి. వానాకాలంలో ఆ ఇళ్లలోకి మోకాలు లోతు నీళ్లొస్తాయి. నీళ్లకి పాత అడ్రసే గుర్తుంది కదా. అక్కడ ఇల్లు కొనుక్కున్నవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లూ లోన్ తీసుకుని మోసపోయినవాళ్లే. నా దగ్గర మిగిలింది ఒక్క ఫోటో. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఫ్రెండ్స్‌తో గట్టు మీద దిగింది. మా తలకాయల వెనక, నీళ్లలో తెల్లగా ఏవో పక్షులున్నాయి. ఎన్నిసార్లు జూమ్ చేసినా ఏ పక్షులో తెలియడం లేదు. మా నాన్నని అడిగితే "కొంగలే ఉంటాయిలే" అన్నాడు. ఉంటాయిలే అన్న మాట మీద ఏ ఆఫీసూ ఆగదు.

అందుకే మిమ్మల్ని అడిగేది చిన్న పని. మీ ఊళ్లో ఇంకా కట్టని చోటు ఒకటి ఎంచుకోండి. చెరువు కావచ్చు, గుట్ట కావచ్చు, ఏటి లంక కావచ్చు. నెలకోసారి వెళ్లండి, ఒకే చోట నిలబడండి, ఒకే వైపు ఫోటో తీయండి. 2001 వాళ్లకి లేనివన్నీ మీ జేబులో ఉన్నాయి. ఫోటోకి తేదీ, లొకేషన్ ఫోనే వేస్తుంది. కనపడిన పక్షులని ఈబర్డ్‌లో ఎక్కించండి. మొక్క, పురుగు, ఏదైనా సరే ఐనాచురలిస్ట్‌లో పెడితే పేరు తెలిసినవాళ్లు చెప్తారు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు చూసి ఆ చెరువు అప్పుడెంత ఉండేదో సేవ్ చేసుకోండి. నిండినప్పుడు వెళ్లండి, ఎండినప్పుడు కూడా వెళ్లండి. ఊళ్లో పెద్దవాళ్లని అడగండి, ఏ పేరుతో పిలిచేవాళ్లో రాసుకోండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి.

రాళ్లు పాతాక మొదలుపెడితే ఆలస్యం. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు కాబట్టే ఇప్పుడు చేయాలి. దీంతో ప్రతి చెరువూ మిగిలిపోతుందని నేను చెప్పను. సెనోకో మిగల్లేదు. కానీ ఏదో ఒక రోజు ఒక టేబుల్ అవతల నుంచి ఎవరో పెద్దాయన టీ ఇప్పించి మరీ "అక్కడ ఏముంది బాబూ?" అని అడుగుతాడు. ఆ రోజు మీరు నాలాగ తల దించుకుని కూర్చోకూడదు. ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టి, "చూడండి సార్" అనాలి.

నేను కూడా మొదలుపెట్టాను. ఇప్పుడుంటున్న చోటికి రెండు కిలోమీటర్లలో ఒక చిన్న చెరువుంది. పోయిన ఆదివారం పద్నాలుగు రకాల పక్షులు చూశాను. తొమ్మిదింటికి పేర్లు తెలిశాయి. మిగతా ఐదూ వచ్చే ఆదివారానికి కనుక్కుంటాను. మీ ఊరి చోటు ఏదో కామెంట్లో రాయండి, పేరుతో సహా. మళ్లీ కలుద్దాం. ఉంటాను.